గుడ్డుకి శిక్ష, డాల్డాకి బెయిల్: కొలెస్ట్రాల్ వందేళ్ల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. టేబుల్ మీద రెండు వస్తువులు పెట్టాననుకోండి. ఒక పక్క ఉడికించిన కోడిగుడ్డు. ఇంకో పక్క చెంచా నిండా పాతకాలం డాల్డా. గుడ్డులో దాదాపు 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది, అదంతా పచ్చసొనలోనే. మరి డాల్డాలో? లేదనే చెప్పొచ్చు. ఎందుకంటే అది మొక్కల నూనెతో చేసింది. కొలెస్ట్రాల్ అనేది మనలాంటి జంతువుల శరీరంలో తయారయ్యే పదార్థం.

ఇప్పుడు చెప్పండి. ఈ రెండిట్లో మన రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువ పెంచేది ఏది?

గుడ్డు అన్నారా? నిన్నమొన్నటి దాకా చాలామంది డాక్టర్లు కూడా అదే అనేవాళ్లు. కానీ సరైన జవాబు డాల్డా. కొలెస్ట్రాల్ లేని డాల్డా, కొలెస్ట్రాల్ నిండిన గుడ్డు కంటే ఎక్కువ చెడు చేసింది. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి సైన్స్‌కి దాదాపు వందేళ్లు పట్టింది.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, మొన్న మా నాన్న ఒక రీల్ చూపించారు. "గుడ్డు మంచిదే అని ఇప్పుడు ఒప్పుకున్నారు, అంటే కొలెస్ట్రాల్ అన్నదే పెద్ద మోసం, టాబ్లెట్లు అమ్ముకోవడానికి ఆడిన నాటకం" అని ఆ రీల్ సారాంశం. ఆయన రోజూ రాత్రి కొలెస్ట్రాల్ టాబ్లెట్ వేసుకుంటారు. "పదేళ్లు నాతో పచ్చసొన పారేయించారు కదరా, మరి ఈ టాబ్లెట్ కూడా అంతేనేమో?" అని అడిగారు. నిజం చెప్పాలంటే అది మంచి ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే ఈ కథ మొదటి నుంచీ చెప్పుకోవాలి.

కుందేళ్ల దగ్గర మొదలు

కొలెస్ట్రాల్‌కి ఆ పేరు 19వ శతాబ్దం మొదట్లో షెవ్రల్ అనే ఫ్రెంచ్ కెమిస్ట్ పెట్టిన పేరు నుంచి వచ్చింది. అప్పట్లో అది పిత్తాశయం రాళ్లలో దొరికిన ఒక తెల్లటి పదార్థం, అంతే. గ్రీకు భాషలో పిత్తాన్ని, గట్టిదనాన్ని చెప్పే రెండు మాటలు కలిపి ఆ పేరు పెట్టారు. గుండెకీ దానికీ సంబంధం ఉందని అప్పటికి ఎవరూ అనుకోలేదు.

ఇక రష్యా, సెయింట్ పీటర్స్‌బర్గ్. 1908లో ఇగ్నతోవ్‌స్కీ అనే డాక్టర్ కుందేళ్లకి మాంసం, గుడ్లు, పాలు పెట్టాడు. వాటి రక్తనాళాలు పాడయ్యాయి. కారణం ప్రోటీన్ అని ఆయన అనుకున్నాడు. అదే ఊళ్లో నికొలాయ్ అనిచ్‌కోవ్ అనే కుర్ర డాక్టర్, ఖలాతోవ్ అనే ఇంకో డాక్టర్‌తో కలిసి దీన్ని ఇంకాస్త లోతుగా చూశాడు. స్వచ్ఛమైన కొలెస్ట్రాల్ తీసుకుని, పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్లకి పెట్టాడు. కొన్నిటికి ఉత్త నూనె మాత్రమే పెట్టాడు. ఉత్త నూనె తిన్న కుందేళ్లు బాగానే ఉన్నాయి. కొలెస్ట్రాల్ తిన్నవాటి రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకుపోయింది. ఇది 1913 సంగతి.

చాలా గొప్ప ప్రయోగం అది. రక్తనాళాలు మూసుకుపోవడానికి కొలెస్ట్రాల్‌తో లింక్ ఉందని మొదటిసారి గట్టిగా చూపించింది. కానీ ఒక చిక్కు. కుందేలు గడ్డి తినే జంతువు. దాని జన్మలో కొలెస్ట్రాల్ తిని ఎరగదు. దానికి కొలెస్ట్రాల్ పెడితే రక్తంలో ఎక్కడికో పెరిగిపోతుంది. అదే తిండి ఎలుకలకో కుక్కలకో పెడితే అలా జరగలేదు. మరి మనిషి ఎవరిలాంటివాడు? కుందేలులాంటివాడా, కుక్కలాంటివాడా?

ఈ ప్రశ్న చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది.

ప్రెసిడెంట్‌కి గుండెపోటు

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో ఒక వింత కనిపించింది. తిండికి లోటు లేని నడివయసు మగవాళ్లు గుండెపోటుతో కుప్పకూలిపోతున్నారు. 1948లో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 5,209 మందిని ఎంచుకుని ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టారు. రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్నవాళ్లకి గుండె జబ్బు ఎక్కువ వస్తోందని ఆ స్టడీలో తేలింది. బీపీ, సిగరెట్ సంగతి కూడా అలాగే తేలింది.

ఈలోగా 1955 సెప్టెంబర్‌లో ఏకంగా ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్‌కే గుండెపోటు వచ్చింది. ఆయన అంతకుముందు చాలా ఏళ్లు గట్టిగా సిగరెట్లు తాగిన మనిషి. కానీ జనం అడిగిన ప్రశ్న ఒకటే: మనం ఏం తింటున్నాం?

ఇక్కడ ఎంటరవుతాడు ఆన్సెల్ కీస్. మిన్నెసోటా యూనివర్సిటీ సైంటిస్ట్. ఇవాళ సోషల్ మీడియాలో ఈయన్ని విలన్ చేశారు కాబట్టి కాస్త ఆగి చూద్దాం. మొదటి విషయం: గుడ్లు మానేయండి అని ఉద్యమం మొదలుపెట్టింది ఈయన కాదు. తిండిలోని కొలెస్ట్రాల్ వల్ల మనిషి రక్తంలో కొలెస్ట్రాల్ పెద్దగా మారదని 1950ల్లోనే రాశాడు. ఆయన అనుమానం అంతా కొవ్వు మీద. ముందు మొత్తం కొవ్వు మీద, తర్వాత ప్రత్యేకంగా సాచురేటెడ్ కొవ్వు మీద. అంటే వెన్న, నెయ్యి, మాంసం కొవ్వులాంటి, చల్లబడితే గడ్డకట్టే కొవ్వు.

రెండో విషయం: "22 దేశాల లెక్కలుంటే కీస్ తనకి నచ్చిన ఏడు దేశాలే చూపించాడు" అని ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిపేశారు. 1953లో కీస్ ఆరు దేశాల లెక్కలతో ఒక గ్రాఫ్ వేశాడు. 22 దేశాల లెక్కలు ఉండగా ఆరే ఎందుకు అని 1957లో ఇద్దరు నిపుణులు నిలదీశారు. ఆ విమర్శ న్యాయమైనదే. కానీ 'సెవెన్ కంట్రీస్ స్టడీ' ఆ గ్రాఫ్ కాదు. అది 1958లో మొదలైన వేరే పని. ఏడు దేశాల్లో 12 వేలకు పైగా మగవాళ్లని నేరుగా పరీక్షించి, ఏళ్ల తరబడి ఫాలో అయ్యారు.

ఆ స్టడీలో ఆశ్చర్యపరిచే జంట ఒకటుంది. గ్రీసులోని క్రీట్ దీవి, ఫిన్లాండ్ తూర్పు ప్రాంతం. రెండు చోట్లా జనం కొవ్వు బాగానే తినేవాళ్లు. వాళ్లకొచ్చే క్యాలరీల్లో దాదాపు 40 శాతం కొవ్వు నుంచే. కానీ క్రీట్‌లో గుండె జబ్బులు చాలా తక్కువ, తూర్పు ఫిన్లాండ్‌లో అందరికంటే ఎక్కువ. తేడా ఎక్కడుంది? క్రీట్‌లో ఆలివ్ నూనె. ఫిన్లాండ్‌లో వెన్న, మీగడ పాలు.

అంటే ఎంత కొవ్వు అన్నదానికంటే ఏ కొవ్వు అన్నది ముఖ్యం. ఇలాంటి స్టడీ ఒక్కటే చాలదు, దేశానికీ దేశానికీ వేరే తేడాలు సవాలక్ష ఉంటాయి. అందుకని కొందరికి లెక్కగట్టి తిండి పెట్టి, కొవ్వు రకం మార్చి, రక్తం పరీక్షించి చూశారు. 1965 నాటికి కీస్ బృందం, హార్వర్డ్‌లో హెగ్‌స్టెడ్ బృందం విడివిడిగా దాదాపు ఒకే ఫార్ములాకి వచ్చాయి. సాచురేటెడ్ కొవ్వు రక్తంలో కొలెస్ట్రాల్ పెంచుతుంది. నూనెల్లో ఉండే పాలీ అన్‌సాచురేటెడ్ కొవ్వు తగ్గిస్తుంది. తిండిలోని కొలెస్ట్రాల్ కూడా కాస్త పెంచుతుంది, కానీ దాని వాటా చిన్నది.

గుడ్డుకి శిక్ష

సైన్స్ ఇంత స్పష్టంగా ఉంటే గుడ్డు ఎలా ఇరుక్కుంది? "రక్తంలో కొలెస్ట్రాల్ చెడ్డది. గుడ్డులో కొలెస్ట్రాల్ ఉంది. కాబట్టి గుడ్డు చెడ్డది." వినడానికి ఎంత సింపుల్‌గా ఉందో చూడండి. సాచురేటెడ్, పాలీ అన్‌సాచురేటెడ్ అని చెప్పడం కంటే "గుడ్డు తగ్గించండి" అని చెప్పడం చాలా తేలిక. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రోజుకి 300 మిల్లీగ్రాముల లోపే కొలెస్ట్రాల్ తినాలని, వారానికి మూడు పచ్చసొనలు మించకూడదని సలహా ఇచ్చింది.

తర్వాత 1984లో ఇంకో దెబ్బ. కొలెస్ట్రాల్ బాగా ఎక్కువున్న 3,806 మంది మగవాళ్ల మీద చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. కొలెస్ట్రాల్ తగ్గించే మందు వాడినవాళ్లలో గుండెపోట్లు, గుండె జబ్బు మరణాలు కలిపి 19 శాతం తగ్గాయి. గమనించండి, అది మందు మీద చేసిన ట్రయల్. అందులో పరీక్షించింది గుడ్లని కాదు. కానీ ఆ మార్చిలో టైమ్ మ్యాగజైన్ కవర్ మీద ఏం వేశారో తెలుసా? ప్లేట్‌లో రెండు గుడ్లు కళ్లలాగా, కింద బేకన్ ముక్క వంకర పెట్టిన నోరులాగా, ఏడుపు మొహం. ఆ ఒక్క బొమ్మ వంద రీసెర్చ్ పేపర్లు చేయలేని పని చేసింది. అక్కడి నుంచి ఆ భయం మన దాకా వచ్చింది. హాస్టల్ మెస్సుల్లో, మన ఇళ్లల్లో పచ్చసొన తీసి ప్లేట్ పక్కన పెట్టే అలవాటు అలా వచ్చిందే.

అదే సమయంలో ఇంకొకరు హాయిగా బెయిల్ మీద తిరుగుతున్నారు. డాల్డా. అది 1937లో మన దేశంలో మార్కెట్లోకి వచ్చిన బ్రాండ్ పేరు. కానీ మన ఇళ్లల్లో ఏ వనస్పతినైనా డాల్డా అనే అనేవాళ్లం. మొక్కల నూనెలోకి హైడ్రోజన్ ఎక్కిస్తే అది నెయ్యిలా గడ్డకడుతుంది. చవక, పాడవదు, పెళ్లి లడ్డూల నుంచి బేకరీ పఫ్‌ల దాకా అన్నిట్లోకీ పనికొస్తుంది. పైగా కొలెస్ట్రాల్ లేదు! కానీ ఆ తయారీలో ట్రాన్స్ ఫ్యాట్ అనే కొత్త రకం కొవ్వు పుడుతుందని, అది ఏం చేస్తుందో అప్పటికి ఎవరూ సరిగ్గా కొలవలేదు.

గేట్లు, లారీలు

అసలు శరీరంలో ఏం జరుగుతోంది? మన రక్తంలో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి వచ్చింది కాదు. మన శరీరమే తయారు చేస్తుంది, లివర్ అందులో పెద్ద ఫ్యాక్టరీ. మనం తినేది పెరిగితే చాలామందిలో లివర్ తన ప్రొడక్షన్ కాస్త తగ్గిస్తుంది. అందుకే గుడ్డు ప్రభావం చిన్నది.

మిగతా కథ 1970ల్లో డల్లాస్‌లో మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు కనిపెట్టారు. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండి, చిన్నతనంలోనే గుండెపోటు వచ్చే పిల్లలు కొందరుంటారు. వాళ్ల కణాల మీద ఏదో లేదని వీళ్లు పట్టుకున్నారు. ఇలా ఊహించుకోండి. రక్తంలో కొలెస్ట్రాల్ మోసుకెళ్లే లారీ పేరు ఎల్‌డీఎల్. దాన్నే మనం చెడు కొలెస్ట్రాల్ అంటాం. లివర్ గోడౌన్‌కి ఈ లారీలని లోపలికి తీసుకునే గేట్లు ఉంటాయి. గేట్లు సరిపడా ఉంటే లారీలు లోపలికి వెళ్లిపోతాయి. గేట్లు తక్కువైతే లారీలు రోడ్డు మీదే నిలబడిపోతాయి. ఆ పిల్లలకి పుట్టుకతోనే గేట్లు లేవు. దీనికి 1985లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

మనకి కావలసింది ఇక్కడే ఉంది. సాచురేటెడ్ కొవ్వు ఎక్కువ తింటే ఈ గేట్ల సంఖ్య తగ్గుతుంది. అందుకే వెన్నలో కొలెస్ట్రాల్ ఎంతుందన్నది కాదు, అందులోని కొవ్వు మన గేట్లని ఏం చేస్తుందన్నది ప్రశ్న.

మా నాన్న టాబ్లెట్ కూడా ఈ గేట్ల కథలోదే. జపాన్‌లో అకిరా ఎండో అనే సైంటిస్ట్ 6,000కు పైగా బూజుల్ని, శిలీంధ్రాల్ని పరీక్షించి, లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థాన్ని 1973లో కనిపెట్టాడు. ఎలుకలకి ఇస్తే పని చేయలేదు. దాదాపు వదిలేసే పరిస్థితి. అప్పుడు గుడ్లు పెట్టే కోళ్లకి ఇచ్చి చూస్తే కొలెస్ట్రాల్ బాగా తగ్గింది! కుందేళ్లు ఒక రకం, ఎలుకలు ఇంకో రకం, కోళ్లు మరో రకం. ఏ జంతువుని అడిగామన్నదాన్ని బట్టి జవాబు మారిపోయింది. ఆ దారిలోనే వచ్చిన మొదటి స్టాటిన్ మందుకి 1987లో అమెరికాలో అనుమతి దొరికింది. స్టాటిన్ లివర్‌లో ప్రొడక్షన్ తగ్గిస్తుంది. అప్పుడు లివర్ కొలెస్ట్రాల్ కోసం ఇంకా ఎక్కువ గేట్లు తెరుస్తుంది.

ఒక జిల్లా మొత్తం వంటగది మార్చింది

తిండి మారిస్తే నిజంగా కొలెస్ట్రాల్ మారుతుందా, అదీ ఒక ప్రాంతం మొత్తానికి? దీనికి జవాబు మళ్లీ ఫిన్లాండ్‌లోనే ఉంది. రష్యా బార్డర్‌లో నార్త్ కరేలియా అనే ప్రాంతం. అడవులు, కట్టె కొట్టే పని, పాడి. రొట్టె మీద మందంగా వెన్న, కాఫీలో మీగడ, కూర వెన్నలో. ఒళ్లొంచి పనిచేసే మగవాళ్లు నలభై, యాభై ఏళ్లకే గుండెపోటుతో పోతున్నారు. ప్రతి వీధిలో ఒక వితంతువు అన్నట్టుండేది పరిస్థితి. 1971లో అక్కడి ప్రజాప్రతినిధులు "మమ్మల్ని ఆదుకోండి" అని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు.

1972లో ప్రాజెక్ట్ మొదలైంది. లీడర్ పెక్కా పుస్కా, వయసు ఇంకా ఇరవైల్లోనే. ఆయన దగ్గర కొత్త మందేమీ లేదు, స్టాటిన్ రావడానికి ఇంకా 15 ఏళ్లు ఉంది. ఆయన నేరుగా మహిళా సంఘాల దగ్గరికి వెళ్లాడు. ఊరూరా సాయంత్రాలు మీటింగులు పెట్టి, అక్కడి వంటలే వెన్న, కొవ్వు, ఉప్పు తగ్గించి, కూరగాయలు పెంచి వండి చూపించారు. సిగరెట్ మాన్పించే ప్రోగ్రాములు టీవీలో వచ్చాయి. ఏ ఊరు కొలెస్ట్రాల్ ఎక్కువ తగ్గిస్తుందో అని ఊళ్ల మధ్య పోటీలు పెట్టారు.

పాడి రైతులకి కోపం రాదా మరి? వచ్చింది. వెన్న వాళ్ల బతుకుతెరువు. అందుకే వాళ్లకి దారి కూడా చూపించాల్సి వచ్చింది. ఆ చలిలో బాగా పండే బెర్రీ పంటల వైపు మళ్లడానికి ఒక ప్రాజెక్ట్, అక్కడి వాతావరణానికి సరిపోయే ఆవాల జాతి పంట రేప్‌సీడ్ నుంచి వంటనూనె. "మీరు తినేది తప్పు" అని లెక్చర్ ఇచ్చి వదిలేయలేదన్నమాట.

ఫలితం? 35 ఏళ్లలో జనం సగటు కొలెస్ట్రాల్ దాదాపు 20 శాతం తగ్గింది. పనిచేసే వయసు మగవాళ్లలో గుండె జబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఇందులో సిగరెట్, బీపీ తగ్గడం వాటా ఉంది, తర్వాత వచ్చిన వైద్యం వాటా ఉంది. కానీ ఎక్కువ వాటా కొలెస్ట్రాల్ తగ్గడానిదే అని లెక్కల్లో తేలింది.

ఇంకో విషయం. 2007 తర్వాత ఫిన్లాండ్‌లో లో-కార్బ్ ఫ్యాషన్ వచ్చి వెన్న మళ్లీ బల్ల మీదికి వచ్చింది. 2012లో పరీక్షిస్తే, దశాబ్దాలుగా దిగుతూ వచ్చిన కొలెస్ట్రాల్ మళ్లీ పెరగడం కనిపించింది.

తీర్పు మారింది, కానీ సగమే

1990లో నెదర్లాండ్స్‌లో మెన్సింక్, కాటన్ అనే ఇద్దరు సైంటిస్టులు ట్రాన్స్ ఫ్యాట్‌ని మనుషుల మీద సరిగ్గా కొలిచారు. అది చెడు కొలెస్ట్రాల్ పెంచుతుంది, పైగా మంచి కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది. వెన్న కంటే కూడా అధ్వానం. డాల్డా బెయిల్ అక్కడ రద్దయింది. డెన్మార్క్ 2003లోనే దీనికి చట్టం చేసింది. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ పరిమితిని 2021 జనవరి నుంచి 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి తెచ్చారు. అంటే మన అమ్మమ్మల తరం, మన అమ్మల తరం దాదాపు మొత్తం తినేసిన తర్వాత.

గుడ్డుకి శిక్ష తగ్గింది 2015-20 అమెరికా గైడ్‌లైన్స్‌లో. 300 మిల్లీగ్రాముల పరిమితి తీసేశారు. "గుడ్డు నిర్దోషి" అని హెడ్‌లైన్లు వచ్చాయి. కానీ అదే పుస్తకంలో సాచురేటెడ్ కొవ్వు క్యాలరీల్లో 10 శాతం దాటకూడదన్న లైన్ అలాగే ఉంది. రీల్స్ చేసేవాళ్లు మొదటి లైన్ చదివి రెండోది వదిలేశారు. "తిండిలోని కొలెస్ట్రాల్ గురించి అతిగా భయపడ్డాం" అన్నది నిజం. "రక్తంలోని కొలెస్ట్రాల్ గురించి భయం అక్కర్లేదు" అన్నది అబద్ధం. మాట ఒకటే కావడంతో రెండూ కలిసిపోయాయి. 1968లో గుడ్డుని ఇరికించిన కన్ఫ్యూజనే ఇవాళ టాబ్లెట్ మాన్పిస్తోంది.

కాబట్టి షాపులో నూనె ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ ఫ్రీ" అని పెద్ద అక్షరాలు కనిపిస్తే నవ్వుకోండి. వేరుశనగ నూనెలో కొలెస్ట్రాల్ లేదనడం, మంచినీళ్లలో ఎముకలు లేవనడం లాంటిది. ప్యాకెట్ వెనక్కి తిప్పి రెండు లైన్లు చూడండి: సాచురేటెడ్ ఫ్యాట్ ఎంత, ట్రాన్స్ ఫ్యాట్ ఎంత. పామాయిల్‌లో సగం దాకా సాచురేటెడ్ కొవ్వే. నెయ్యిలో అంతకంటే ఎక్కువ. వేరుశనగ నూనెలో 20 శాతం లోపు. బిస్కెట్, చిప్స్, పఫ్ తినే మనం గుడ్డు దగ్గర మాత్రం బుద్ధిమంతులం అవుతాం, అదీ సంగతి.

మా నాన్న విషయానికి వస్తే, రీల్‌తో పాటు రిపోర్టులు కూడా పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాం. టాబ్లెట్ కంటిన్యూ చేయమన్నారు. పచ్చసొన రోజుకొకటి తినొచ్చన్నారు. సాయంత్రం టీలోకి తెచ్చుకునే బేకరీ పఫ్ మాత్రం మానేయమన్నారు. షుగర్ ఉన్నవాళ్లకి, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లున్న కుటుంబాలకి లెక్క వేరుగా ఉండొచ్చు, కాబట్టి మీ నాన్నగారి లెక్క మీ డాక్టర్‌నే అడగండి. నన్ను కాదు, రీల్‌ని అసలే కాదు.

పదేళ్ల తర్వాత పచ్చసొన తింటూ మా నాన్న అన్న మాటతో ముగిస్తాను: "పఫ్ గురించి అప్పుడే చెప్పి ఉంటే పోయేది కదరా!" నిజమే నాన్నా. అప్పటికి వాళ్లకీ తెలియదు.

ఈ ఎపిసోడ్ మీ ఇంటి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి, ముఖ్యంగా ఆ రీల్ పంపిన మావయ్యకి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.